ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ ఎందుకు? ఎస్‌జీఎల్‌టీ1 ఏటీపీ వాడకపోతే అది యాక్టివ్ ట్రాన్స్‌పోర్ట్ ఎలా అయింది?

బైపీసీ_సెకండియర్:
విరేచనాల్లో పోయేది నీళ్లు, లవణాలు. మరి లీటరు ఓఆర్‌ఎస్‌లో 13.5 గ్రాముల గ్లూకోజ్ ఎందుకు? నీరసం తగ్గడానికా? పేగు కణంలోకి సోడియాన్ని, గ్లూకోజ్‌ను కలిపి మోసుకెళ్లే ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ కోసమని చదివాను. అది ఏటీపీ (కణం ఖర్చుపెట్టే శక్తి అణువు) వాడదట, అయినా యాక్టివ్ ట్రాన్స్‌పోర్టేనట, అంటే శక్తి ఖర్చుతో జరిగే రవాణా. ఇక్కడే తికమక. ఇంకోటి, లీటరు ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో చిక్కగా కలిపితే త్వరగా పనిచేయదా?

ఫిజియాలజీ_ట్యూటర్:
నీరసానికి కాదండి, అందులో ఉన్నది దాదాపు 50 కేలరీలే.

ఏటీపీ ఖర్చవుతుంది, కాకపోతే వేరే గుమ్మం దగ్గర. పేగు కణానికి రక్తం వైపున్న పొరలో సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. ఒక్కో ఏటీపీకి 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియంలను లోపలికి లాగుతుంది. దాంతో కణంలో సోడియం తగ్గుతుంది, లోపల నెగెటివ్ ఛార్జ్ నిలుస్తుంది. ఇక పేగు వైపున్న సోడియం లోపలికి రావడానికి తోసుకొస్తుంది. ఎస్‌జీఎల్‌టీ1 బతికేది ఆ తోపుడు మీదే. 2 సోడియంలు, 1 గ్లూకోజ్ ఎక్కాక దాని ఆకారం మారి లోపలివైపు తెరుచుకుంటుంది. ఏటీపీని నేరుగా కాక, పంపు ద్వారా వాడుకుంటుంది కాబట్టే దీన్ని 'సెకండరీ' యాక్టివ్ ట్రాన్స్‌పోర్ట్ అంటారు. ఔబైన్ అనే, పంపును అడ్డుకునే రసాయనంతో దాన్ని ఆపేస్తే కాసేపటికి ఇదీ ఆగిపోతుంది. పరీక్షలో ఈ ఒక్క ముక్క రాస్తే చాలు.

గ్లూకోజ్ అవతలి వైపు గ్లూట్2 అనే మరో రవాణా ప్రోటీన్ గుండా రక్తంలోకి జారిపోతుంది, సోడియాన్ని ఆ పంపు రక్తం వైపు తోసేస్తుంది. వాటి వెంట ఆస్మాసిస్‌తో నీరు.

కలరా టాక్సిన్ (కలరా బ్యాక్టీరియా విషం) కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచి, సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ ఛానల్‌ను తెరిచే ఉంచుతుంది, క్లోరైడ్, దాని వెంట నీరు పేగులోకి పోతాయి. ఉప్పును లోపలికి తెచ్చే మామూలు దారిని మూస్తుంది. ఎస్‌జీఎల్‌టీ1 జోలికి మాత్రం పోదు. ఉత్త ఉప్పునీళ్లు అక్కరకు రాకపోవడం, గ్లూకోజ్ కలిస్తే రావడం అందుకే.

వార్డు_ఫార్మసిస్ట్:
గ్లాసు సంగతి నేను చెప్తా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 ఫార్ములాలో లీటరుకు సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోల్‌లు, మొత్తం ఆస్మొలారిటీ (కరిగి ఉన్న కణాల గాఢత) 245 మిల్లీఆస్మోల్‌లు. రక్తంలో సుమారు 290. అంటే పేగులోని ద్రావణం పల్చన, నీరు రక్తంలోకే వెళ్తుంది. అదే ప్యాకెట్‌ను 200 మి.లీ.లో కలిపితే 1,200 దాటుతుంది. అప్పుడు నీరు రక్తంలోంచి పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి, పసిపిల్లల రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగొచ్చు. కూల్‌డ్రింక్‌తోనూ ఇదే తంటా: చక్కెర మెండు, సోడియం నామమాత్రం. 200 మి.లీ.కి చిన్న ప్యాకెట్లు వేరే దొరుకుతాయి, కొలత చూసుకోండి. కలిపాక మరిగించొద్దు, 24 గంటలు దాటితే పారబోయండి.

బైపీసీ_సెకండియర్:
థాంక్యూ సర్. ఇంట్లో పంచదార, ఉప్పు కలిపినా ఇదే లెక్కా?

ఫిజియాలజీ_ట్యూటర్:
దాదాపుగా. లీటరుకు 6 తలకొట్టు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (5 మి.లీ. టీచెంచాతో). ఆ పంచదార సుమారు 25 గ్రాములు, పేగులో విరిగితే 75 మిల్లీమోల్‌లకు దగ్గరగా గ్లూకోజ్, అంతే ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్ గ్లూట్5 అనే వేరే ప్రోటీన్ గుండా వెళ్తుంది, సోడియాన్ని వెంట తీసుకెళ్లదు. పొటాషియం, సిట్రేట్ ఇందులో లేవు కాబట్టి ప్యాకెట్ దొరికేదాకానే.

ఎస్‌జీఎల్‌టీ1 జన్యువే చెడి పుట్టే పిల్లలు చాలా అరుదుగా ఉంటారు. పాలలోని లాక్టోజ్ విరిగితే వచ్చే గ్లూకోజ్, గెలాక్టోజ్ రెండింటికీ దారి ఇదొక్కటే కాబట్టి తల్లిపాలకే విరేచనాలవుతాయి, ఓఆర్‌ఎస్ ఇస్తే ఇంకా ఎక్కువవుతాయి. వాళ్లకు ఫ్రక్టోజ్‌తో చేసిన పాలపొడి ఇస్తారు, గ్లూట్5 బాగానే ఉంటుంది కదా.