శాఖల మధ్య డాక్యుమెంట్ల ఏపీఐ: పాత కీ తీసేసి ఓఆత్‌కి వెళ్లాలా, ఎంటీఎల్ఎస్‌కా?

కాంట్రాక్ట్_కోడర్:
ఒక రాష్ట్ర శాఖకి పనిచేసే చిన్న టీమ్ మాది. మేము జారీ చేసే సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లని ఇంకో శాఖ సర్వర్ ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని డేటా అడిగే దారి) ద్వారా తీసుకుంటుంది. రక్షణంతా ఎప్పుడో పెట్టిన ఒక ఏపీఐ కీ (పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడ్), ఒక ఐపీ వైట్‌లిస్ట్ (అనుమతించిన సర్వర్ చిరునామాల జాబితా). ఆ కీ ఎవరెవరి మెయిల్స్‌లో తిరుగుతోందో దేవుడికే తెలియాలి. ఈసారి ఆడిట్‌లో పట్టుకున్నారు. పైవాళ్లు ఓఆత్ (గడువున్న టోకెన్, అంటే తాత్కాలిక అనుమతి కోడ్, ఇచ్చే పద్ధతి) పెట్టమంటున్నారు, అటువైపు వెండరేమో ఎంటీఎల్ఎస్ (రెండు సర్వర్లూ డిజిటల్ సర్టిఫికెట్లు చూపించి ఒకదాన్నొకటి గుర్తుపట్టే పద్ధతి) చాలంటున్నాడు. మళ్లీ రెండేళ్లకి తవ్వుకోనక్కర్లేకుండా ఏది చెయ్యాలి?

పోర్ట్_443:
ఓఆత్ అనగానే క్లయింట్ ఐడీ, సీక్రెట్ మెయిల్లో పంపేసి చేతులు దులుపుకుంటారు, అది మీ పాత కీకి పేరు మార్చడమే. సీక్రెట్టే వద్దు. అవతలి శాఖ తన సర్వర్లోనే కీ జత తయారుచేసుకుని పబ్లిక్ కీ మాత్రం మీకివ్వాలి, టోకెన్ అడిగినప్పుడల్లా తన దగ్గరే ఉంచుకున్న ప్రైవేట్ కీతో సంతకం చేసిన జేడబ్ల్యూటీ (ఎవరు పంపారో, ఎప్పటిదాకా చెల్లుతుందో చెప్పే చిన్న డేటా ముక్క) పంపాలి. 2015లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7523 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) చెప్పేది ఇదే, నార్వే ప్రభుత్వ సంస్థలు వాడే మాస్కిన్‌పోర్టెన్ అనే టోకెన్ సేవ కూడా ఇలాగే నడుస్తుంది. మీరు జారీ చేసేవాటిలో ఏ రకం సర్టిఫికెట్లు చూడొచ్చో స్కోప్‌లో (టోకెన్‌లో రాసే అనుమతుల పరిధి) పెట్టండి, టోకెన్ గడువు నిమిషాల్లోనే ఉంచండి.

రూట్_సర్టు:
అసలు ఇది లేకపోతే అది అనే గొడవే కాదు. ఎంటీఎల్ఎస్‌తో కనెక్టయింది ఎవరో తెలుస్తుంది, వాళ్లు ఏం తీసుకోవచ్చో తెలియదు. ఆర్‌ఎఫ్‌సీ 8705 ప్రకారం టోకెన్‌ని ఆ కనెక్షన్‌లో చూపిన డిజిటల్ సర్టిఫికెట్‌కి కట్టేస్తే, లాగ్‌లోంచి టోకెన్ ఒక్కటే ఎత్తుకెళ్లినవాడికి అది పనికిరాదు. కానీ క్లయింట్ వైపు, అంటే పీడీఎఫ్ అడిగే సర్వర్‌కి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి పబ్లిక్ సీఏల (అందరికీ డిజిటల్ సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థలు) సర్టిఫికెట్లు వాడకండి. క్రోమ్ బ్రౌజర్ నియమాలు మారాయి కాబట్టి పబ్లిక్ సీఏలు క్లయింట్ ఆథెంటికేషన్ (క్లయింట్ ఎవరో రుజువు చెయ్యడం) వాడకాన్ని తమ సర్టిఫికెట్లలోంచి తీసేస్తున్నాయి. దీనికి రెండు శాఖలూ నమ్మే ప్రైవేట్ సీఏ కావాలి, రెన్యువల్ ఆటోమేటిక్‌గా జరగాలి. పబ్లిక్ టీఎల్ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) సర్టిఫికెట్ల గడువు కూడా 2029 మార్చి 15 నుంచి 47 రోజులే, కాబట్టి ఎక్సెల్ షీట్‌లో తేదీలు రాసుకునే కాలం ఎటూ పోతోంది.

కాంట్రాక్ట్_కోడర్:
చిక్కేంటంటే మా టీఎల్ఎస్ లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టులని మా సర్వర్లకి పంచే ముందు యంత్రం) దగ్గరే ముగుస్తుంది, కాబట్టి సర్టిఫికెట్ మా అప్లికేషన్‌దాకా రాదు, ఆ యంత్రమేమో డేటాసెంటర్ వాళ్ల చేతిలో ఉంది.

రూట్_సర్టు:
అయితే సర్టిఫికెట్ వివరాలు లోడ్ బ్యాలెన్సర్ రిక్వెస్టుకి తగిలించే హెడర్‌లో (పైన ఉండే సమాచార వరుస) వస్తాయి. బయటినుంచి అదే పేరుతో వచ్చే హెడర్‌ని కొట్టేయమని వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి, లేదంటే ఎవడైనా మీ పక్క శాఖనంటూ వచ్చేస్తాడు. వాళ్లు కదలకపోతే టోకెన్‌ని కీకి కట్టే పని అప్లికేషన్‌లోనే చెయ్యొచ్చు, దానికి డీపాప్ అనే పద్ధతి చూడండి, ఆర్‌ఎఫ్‌సీ 9449.

పాత_ఫైలు:
జేడబ్ల్యూటీకి వెళ్తే ముందు గడియారాలు సరిచూసుకోండి, సర్వర్ టైమ్ తేడా ఉంటే అన్నీ రిజెక్టవుతాయి, కోడ్‌లో తప్పుందనుకుని వెతుకుతూ కూర్చుంటారు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాలు కూడా ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లతో సమయం కలపమనీ, లాగ్‌లు 180 రోజులు ఉంచమనీ అంటున్నాయి. లాగ్‌లో టోకెన్ మొత్తం రాయకండి బాబూ, దాని ఐడీ చాలు.

ఇంకోటి, టోకెన్ సరిగ్గా ఉన్నంతమాత్రాన పీడీఎఫ్‌ని ఎవరూ మార్చలేదని కాదు. దానిమీద డిజిటల్ సంతకం విడిగా ఉండాలి, అవతలివాళ్లు దాన్ని నిజంగా సరిచూడాలి. పాత కీ, కొత్త పద్ధతి కొన్నాళ్లు పక్కపక్కనే నడపండి, కీ ఆపే తేదీ మాత్రం సర్క్యులర్‌లోనే వేయించండి.