పిడుగు, వజ్రం: ఫ్రెంచి జలాంతర్గాముల, రాకెట్ల పేర్లు తెలుగులో

‘ఫుద్రువాయాన్’ అనే ఫ్రెంచి అణు జలాంతర్గామి పేరును ‘మెరుపు’ అని తెనిగించవచ్చా అన్న ప్రశ్నకు, కూడదనే నా సమాధానం. ఆ పేరుకు మూలమైన ‘ఫూద్ర్’ ఆకాశంలో మెరిసి మాయమయ్యేది కాదు, నేలకు దిగి కూల్చేది. మెరుపు, ఉరుము, పిడుగు అని మనకు మూడు వేర్వేరు మాటలుండగా ఆ తేడాను పోగొట్టుకోవడం దేనికి? 1974లో నౌకాదళంలో చేరి, 16 క్షిపణులను మోసిన ఆ నౌకకు ‘పిడుగు’ అన్నదే సరైన మాట. అదే శ్రేణిలోని ‘తొనాన్’ అంటే ఉరిమేది. అయితే వారాల తరబడి సముద్రగర్భంలో చప్పుడు లేకుండా తిరగడమే ఈ నౌకల పనిగా ఉండేది గనుక, ‘ఉరుములేని పిడుగు’ అన్న మన పలుకుబడి వాటికి అచ్చంగా అతుకుతుంది.

రాకెట్ల పేర్లలో చిక్కు వేరు. 1960లలో ఫ్రాన్సు తన ప్రయోగాత్మక రాకెట్లకు రత్నాల పేర్లు పెట్టింది. కింద ‘ఎమరోద్’, పైన ‘తొపాజ్’ అమరిస్తే ‘సఫీర్’. దానికి మూడో దశ చేరిస్తే ‘దియామాన్’. 1965 నవంబరు 26న అల్జీరియాలోని హమ్మగీర్ నుంచి ఫ్రాన్సు తొలి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది ఈ దియామానే. సఫీర్, ఎమరోద్ పేర్లు తరువాత అణు జలాంతర్గాములకూ వచ్చాయి. వీటిని నీలం, పచ్చ అంటే తెలుగు చదువరికి ముందు రంగులే తోస్తాయి కాబట్టి ఇంద్రనీలం, మరకతం అనడం మేలు. పైగా మరకతానికీ ఎమరోద్‌కూ పుట్టుకలోనే చుట్టరికం ఉంది.

‘దియామాన్’ను ‘వజ్రం’ అన్నప్పుడు మాత్రం మన మాట మూలాన్ని మించిపోతుంది. ఉంగరంలో పొదిగే రాయీ, దధీచి ఎముకలతో చేసిన ఇంద్రుడి ఆయుధమూ, పిడుగూ కూడా వజ్రమే. రాకెట్టు పేరూ జలాంతర్గామి పేరూ ఫ్రెంచిలో విడివిడిగా ఉంటే, మనకు రెండూ ఒక్క మాటలోనే ఇమిడిపోయాయి. ఫ్రెంచి మాటకు మూలమైన గ్రీకు ‘అదమాస్’కు అర్థం లొంగనిది. ‘ఎందోంతాబ్ల్’ అనే మరో జలాంతర్గామి పేరుకు అర్థమూ అదే. గ్రీకు మాటలోని ‘దమ’, ఫ్రెంచి మాటలోని ‘దోంత్’, మన ‘దమనం’ ఒకే ధాతువు సంతానం. అందుచేత ఆ నౌకను ‘అజేయ’ అనేకంటే ‘దుర్దమ’ అంటేనే ఆ బంధుత్వం తెలుగులోనూ నిలుస్తుంది.