కారు అద్దానికి సన్ ఫిల్మ్: 70 మీద 70 వేస్తే ఎంత?

కృష్ణాతీరం: బెజవాడ ఎండలో వారానికి మూడుసార్లు మా అమ్మను మిట్టమధ్యాహ్నం డయాలసిస్‌కి తీసుకెళ్తున్నాను. సైడ్ అద్దాలకు ఫిల్మ్ వేయిద్దామంటే షాపతను "అద్దం 70 శాతం వెలుతురు వదుల్తుంది, ఫిల్మ్ కూడా 70, రెండూ రూల్‌లోనే ఉన్నాయి" అన్నాడు. పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు వస్తే చాలట. వేయించుకోవచ్చా?

లెక్కలమాస్టారు: విడివిడిగా చూస్తే సరిపోదండీ. అద్దం దాటి వచ్చిన 70లో ఫిల్మ్ మళ్లీ 70 శాతమే వదులుతుంది. 0.7 × 0.7 = 0.49. అంటే 49.

రాత్రిబండి: 30 పోయింది, ఇంకో 30 పోయింది. 40 కదా?

లెక్కలమాస్టారు: కాదు. అలా తీసేసుకుంటూ పోతే నాలుగో పొరకి మైనస్ 20 వస్తుంది. మైనస్ వెలుతురు ఉంటుందా? హెచ్చవేయాలి: 70, 49, 34, 24. మామూలు కిటికీ అద్దంలోనూ ఇంతే. ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి తిరుగుతుంది, పలకకి రెండు ముఖాలు. అలాంటివి ఐదు వరసగా పెట్టి వెనక తెల్లకాగితం చూడండి, మసక తెలుస్తుంది.

గాజుపని: మాస్టారూ, 49 కూడా తప్పే. ఫిల్మ్ డబ్బా మీద వేసే 70 చాలావరకు 3 మి.మీ. తెల్ల అద్దానికి అతికించి కొలిచింది. ఆ అద్దం వాటా తీసేస్తే ఫిల్మ్ ఒక్కటే 78 దాకా ఉంటుంది. 0.7 × 0.78 = 0.546. అంటే 54 పైనే. పాసే.

లెక్కలమాస్టారు: డబ్బా మీద అలా రాసి ఉందా లేదా, ముందు అది చూపించండి.

పాతబస్తీ: ఫైన్ ఎంత?

రాత్రిబండి: 49, 54 అని కొట్టుకుంటున్నారు! పోయినేడు రాత్రి నల్లద్దాల కారు ఒకటి నన్ను చూసుకోకుండా ఎడమకి తిప్పేసింది. కాల్లో రాడ్ వేశారు. "మిర్రర్‌లో కనపడలేదన్నా" అన్నాడు. అసలు 2012లో సుప్రీంకోర్టు ఎంత శాతమైనా ఫిల్మే అంటించొద్దంది.

గాజుపని: 2024లో కేరళ హైకోర్టు, రూల్‌లో చెప్పిన శాతానికి తగ్గకపోతే ఫిల్మ్ వేసుకోవచ్చంది. అదీ చెప్పండి.

కృష్ణాతీరం: మీ కాలి సంగతి విని బాధేసింది అన్నా. కానీ ఎండకి మా అమ్మ చెయ్యి, డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన ఫిస్టులా ఉన్న చెయ్యి, కమిలిపోతోంది. నాకు చీకటి అక్కర్లేదు, వేడి తగ్గితే చాలు.

గాజుపని: అది మొదటే చెప్పాల్సింది. ఎండ వేడిలో సగం దాకా కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌ది. దాన్ని ఆపుతూ వెలుతురుని దాదాపుగా వదిలేసే ఫిల్ములు ఉన్నాయి. నలుపు చూసి కొనొద్దు.

రాత్రిబండి: ఏదేసినా ముందు డోర్ల జోలికి పోవద్దు. డ్రైవర్ సైడ్ మిర్రర్ చూసేది ఆ అద్దంలోంచే.

కృష్ణాతీరం: అమ్మ వెనక సీట్లోనే కూర్చుంటుంది. ముందువి వేయించను. వెనకవాటికి అతికించాక షాపులోనే మీటర్ పెట్టించి చూస్తాను, 50 దాటకపోతే పీకేయిస్తాను.