రాత్రిపూట ఏఎన్‌పీఆర్ కెమెరాకు ఆకుపచ్చ నంబర్ ప్లేట్లు కనబడటం లేదు

గేటెడ్ కమ్యూనిటీ ఎంట్రీలో ఏఎన్‌పీఆర్ (నంబర్ ప్లేటును తనంతట తానే చదివే) కెమెరా: 2 మెగాపిక్సెల్, 850 నానోమీటర్ల ఐఆర్ (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లైటు), ప్లేటుకు 8 మీటర్ల దూరం, పక్క కోణం 20 డిగ్రీలు, బండ్ల వేగం గంటకు 15 కిలోమీటర్ల లోపు. ఫ్రేములో ప్లేటు వెడల్పు 150 పిక్సెళ్లు వస్తోంది కాబట్టి రిజల్యూషన్‌ను అనుమానించక్కర్లేదు.

పగలు అన్నీ చదువుతుంది. రాత్రి ఐఆర్ వెలగగానే తెల్ల, పసుపు ప్లేట్లు సరే, ప్రైవేటు ఎలక్ట్రిక్ కార్ల ఆకుపచ్చ ప్లేటు మాత్రం ఖాళీ రేకులా కనిపిస్తోంది. నలుపు తెలుపు బొమ్మలో ఆకుపచ్చ షీటూ తెల్ల అక్షరాలూ ఒకే వెలుగులో కలిసిపోతున్నాయి.

ఐఆర్ పవర్ 100 నుంచి 30 శాతానికి తగ్గిస్తే రెండూ కలిసే మసకబారాయి. షట్టర్ 1/500 నుంచి 1/2000 సెకను దాకా మార్చి, డబ్ల్యూడీఆర్ (వెలుగు నీడల తేడాను సర్దే సెట్టింగ్) ఆపి, హెచ్‌ఎల్‌సీ (మెరిసే లైట్లను అణిచే సెట్టింగ్) ఆన్ చేస్తే హెడ్‌లైట్ల మెరుపు తగ్గింది, అంతే.

ఐఆర్ ఆపేసి, కలర్ మోడ్‌లో పోలు మీద 30 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ పెడితే షట్టర్ 1/100కి దించాల్సి వచ్చింది, అక్షరాలు చెదిరాయి. అదే లైటు లెన్స్ పక్కకు దించితే ప్లేటు రెట్రో షీటు (వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపేది) కదా, 1/1000 లోనూ చక్కగా వస్తోంది. కాకపోతే వెలుగు తిన్నగా డ్రైవర్ కళ్లలో పడుతోంది. గేటు దగ్గర అది ప్రమాదం.

షట్టర్‌తో సింక్ అయ్యే తెల్ల స్ట్రోబ్‌తో (షట్టర్ తెరిచిన క్షణంలోనే వెలిగే ఫ్లాష్ లైటు), డ్రైవర్‌కు ఇబ్బంది లేకుండా ఆకుపచ్చ ప్లేట్లు చదివించినవాళ్లుంటే, ఎన్ని వాట్లది, లెన్స్‌కు ఎంత దూరంలో బిగించారు?