3060 గ్రాఫిక్స్ కార్డు అని కొన్నాను, సగం మోసపోయాను. 5060 టీఐకి ఆగాలా, కొనేయాలా?

గంటస్తంభం ఎడిటర్:
అందరికీ నమస్కారమండి. మాది విజీనగరం, చిన్న స్టూడియో. పెళ్లిళ్లు తీసి ఎడిటింగూ నేనే చేసుకుంటాను. రెండేళ్ల కింద ఎడిటింగ్ కంప్యూటర్‌కి 3060 కార్డు, 12 జీబీ మెమరీది కొందామని చదువుకుని మరీ వెళ్తే, షాపాయన కౌంటర్ మీద డబ్బా పెట్టి "3060యే కదేటి, ఇదిగో" అన్నాడు. డబ్బా మీద పెద్దక్షరాల్లో 3060యే ఉంది. మూలన చిన్నగా 8 జీబీ అని ఉంటే, అది మా గుంటడు చూశాడు. ఎప్పుడు? డబ్బులు కట్టేసి బండెక్కాక.

మొన్న రాత్రి ముహూర్తం పెళ్లి. లైటింగ్ సరిపోక తలంబ్రాల సీనంతా గ్రెయిన్స్. 4కే టైంలైన్‌లో నాయిస్ రిడక్షన్ (ఆ గ్రెయిన్స్ తీసేది) వేస్తే జీపీయూ, అదే గ్రాఫిక్స్ కార్డు, మెమరీ ఫుల్ అని మూడుసార్లు రెండర్ ఆగిపోయింది. పెళ్లికూతురి నాన్న రోజూ ఫోను.

ఇప్పుడు 5060 టీఐ అంటున్నారు. అందులోనూ 8, 16 అని రెండట! ఆగస్టులో 16ది 44 వేలన్న మనిషే మొన్న 53 అన్నాడు. మాఘమాసం పెళ్లిళ్లు నెత్తి మీదున్నాయి. ఆగితే తగ్గుద్దేటి?

సిక్కోలు కుర్రోడు:
అన్నా, నీకు పోయింది 4 జీబీ ఒక్కటే కాదు. 12 జీబీ దానికి బస్ (మెమరీకి డేటా వెళ్లే దారి) 192 బిట్, నీదానికి 128. పాత 1060 కార్డు కాలం నుంచీ ఇదే వరస: దాని 3 జీబీ రకంలో కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కూడా 1280కి బదులు 1152. ఈ కార్డుల కంపెనీ ఎన్విడియా వాళ్లే 2022లో 4080 పేరుతో 12 జీబీది ప్రకటించి, జనం తిట్టాక వెనక్కి తీసుకున్నారు. అదే 2023 జనవరిలో 4070 టీఐ అయి వచ్చింది! 5060 టీఐ నయం, రెండిట్లోనూ చిప్పొకటే, బస్సొకటే. నీ పనికి 16.

బొబ్బిలి పాతకాపు:
తగ్గుద్దని 2021లో నేనూ ఆగాను, క్రిప్టో మైనింగోళ్లు కార్డులన్నీ ఎగరేసుకుపోయారు. ఇప్పుడు మెమరీ చిప్పులన్నీ ఏఐ సర్వర్లకే పోతున్నాయి, ర్యామ్ రేటు చూడండి. సీజన్ ముందు ఆగకండి. మీకు జీఎస్టీ నంబరుంటే బిల్లు దాని మీదే రాయించుకోండి, 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుద్ది. కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారాలకి తక్కువ పన్నుది) ఉంటే రాదు.

గంటస్తంభం ఎడిటర్:
కాంపొజిషనే బాబూ, ఏటి సేస్తాం. ఎస్‌ఎంపీఎస్, అదే కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బా, మార్చాలా?

సిక్కోలు కుర్రోడు:
3060కి 170 వాట్లు, దీనికి 180. మంచి కంపెనీది 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉంటే చూసుకోనక్కర్లేదు.

గంటస్తంభం ఎడిటర్:
సరే, ఆదివారం విశాఖ వెళ్తాను. ఈసారి మా గుంటడు డబ్బా నాలుగు వైపులా చదివాకే జేబులో చెయ్యి పెడతాను.