బీబీసీ మైక్రో: ఎఫ్‌పీజీఏ బోర్డు కొనాలా, ఎమ్యులేటర్ సరిపోతుందా?

నీలంతెర:
ఎనభైల మధ్యలో, బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పే ప్రభుత్వ క్లాస్ ప్రాజెక్టు కింద మా బడికి బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్లు వచ్చాయి. ముగ్గురికి ఒకటి, వారానికి ఒక్క పీరియడ్, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. ఆ ఎర్ర ఫంక్షన్ కీలు, ఆన్ చేయగానే వచ్చే ఆ బొంగురు బీప్ ఇంకా గుర్తున్నాయి. మళ్లీ దాని మీద బేసిక్ ప్రోగ్రాములు రాయాలని, ఎలైట్ అనే అంతరిక్ష ఓడ ఆట ఆడాలని కోరిక పుట్టింది. ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్, అంటే పాత మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రాము, వేశాను, నడుస్తోంది గానీ కీ నొక్కాక ఓడ ఒక క్షణం ఆలోచించి తిరుగుతున్నట్టుంది. మిస్టర్ (MiSTer) అనే ఎఫ్‌పీజీఏ బోర్డు సెట్టు కొనుక్కోమని ఒకాయన అన్నారు, అది ఎమ్యులేషనే కాదట, అసలు హార్డ్‌వేరేనట. నిజమేనా? డబ్బు పెట్టొచ్చా?

సోల్డర్‌పొగ:
పెట్టేయండి, నేను వాడుతున్నాను. డీఈ10-నానో అనే బోర్డు, దాని మీద సైక్లోన్ 5 ఎఫ్‌పీజీఏ, అంటే లోపలి గేట్లని మనకి కావలసినట్టు కలుపుకోగల చిప్. ఎస్‌డీ కార్డులోంచి బీబీసీ కోర్ (ఆ మెషీన్ సర్క్యూట్ల వర్ణన) ఎక్కిస్తే చిప్‌లోని గేట్లు ఒకచోట 6502 ప్రాసెసర్‌గా, ఒకచోట వీడియో చిప్‌గా, ఇంకోచోట సౌండ్ చిప్‌గా అల్లుకుని అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఎమ్యులేటర్‌లో మాత్రం ఒక్క ప్రాసెసరే ఈ వేషాలన్నీ వంతులవారీగా వేయాలి, పైగా కింద విండోస్, దాని సౌండ్ బఫర్, గ్రాఫిక్స్ బఫర్. మీకు తెలుస్తున్న ఆలస్యం అక్కడిదే.

చివరిబిట్:
"అసలు హార్డ్‌వేరే" అంటే నేను ఒప్పుకోనండి. కోర్ కూడా ఎవరో కూర్చుని వెరిలాగ్, వీహెచ్‌డీఎల్ లాంటి సర్క్యూట్లు వర్ణించే భాషలో రాసిందే కదా, పాత చిప్ నడక రాసినాయనకి తప్పుగా అర్థమైతే ఆ తప్పు గేట్లలోకీ దిగుతుంది. మీ ఎలైట్‌నే చూడండి. మెషీన్‌లో ఉన్న మెమరీయే 32 కేబీ, అందుకని పైన నక్షత్రాల భాగాన్ని రెండు రంగుల తెర మోడ్ 4లోనూ, కింద డాష్‌బోర్డును నాలుగు రంగుల మోడ్ 5లోనూ పెట్టి, ఫ్రేము మధ్యలో టైమర్ ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని చేస్తున్న పని ఆపి పిలిచే సంకేతం) రాగానే మోడ్ మార్చేస్తారు. ప్రాసెసర్ 2 మెగాహెర్ట్జ్, ఆ టైమర్ ఉన్న వీఐఏ చిప్ 1 మెగాహెర్ట్జ్, దాన్ని ముట్టుకున్నప్పుడల్లా ప్రాసెసర్ ఒకటో రెండో క్లాక్ సైకిళ్లు ఆగాలి. ఈ లెక్క తప్పితే రెండు మోడ్‌లు కలిసే గీత దగ్గర తెర వణుకుతుంది. బ్రౌజర్‌లో ఊరికే నడిచే జేఎస్‌బీబ్ ఎమ్యులేటర్ ఈ సైకిళ్లన్నీ లెక్కపెడుతుంది, ముందు దాన్ని చూడండి.

రాత్రిడ్యూటీ:
మీ కీబోర్డు బ్లూటూతా? టీవీకి కలిపి ఆడుతున్నారా, గేమ్ మోడ్ వేశారా? సగం ఆలస్యం ఇక్కడే దొరుకుతుంది. ఇంకోటి, అసలు మెషీన్ సెకనుకు 50 ఫ్రేములు వేస్తుంది, మీ తెర 60. ప్రతి ఐదో ఫ్రేమునూ రెండుసార్లు చూపిస్తే గానీ లెక్క సరిపోదు, అందుకే కదలిక కుదుపులు కుదుపులుగా ఉంటుంది. మానిటర్ 50 హెర్ట్జ్ ఒప్పుకుంటే అది పెట్టి చూడండి. అటక మీద పాత డబ్బా టీవీ ఉంటే అప్పుడు మిస్టర్ మాట వేరు, అనలాగ్ బోర్డు తగిలిస్తే నేరుగా దాని మీదే బొమ్మ వస్తుంది, ఆ సుఖానికి నేనైతే డబ్బు పెడతాను. పాత మెషీనే కొంటానంటే మాత్రం ప్లగ్ పెట్టేముందు పవర్ సప్లైలో కెపాసిటర్లు మార్పించండి, నలభై ఏళ్ల సరుకు, పొగ ఖాయం.

అన్నట్టు ఎమ్యులేషన్ అంటే చిన్నచూపు చూసేవాళ్లకి ఒక మాట. మన ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్ ఉంది చూశారూ, 1985లో మొదటి చిప్ చేతికి రాకముందే సోఫీ విల్సన్ దాని నమూనాని బీబీసీ బేసిక్‌లో రాసి ఈ మెషీన్ మీదే నడిపి చూశారు.

నీలంతెర:
బ్లూటూత్ కీబోర్డే! వైరుది పెట్టి, మానిటర్ 50కి మార్చాను, ఓడ ఇప్పుడు మాట వింటోంది. స్టేషన్‌లోకి దూర్చబోయి మూడుసార్లు గుద్దేశాను, అది మాత్రం నా చేతగానితనమే. మిస్టర్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టాను గానీ, డబ్బా టీవీ మా అమ్మ వాళ్లింట్లో ఇంకా ఉందట, రేపు వెళ్లి ఆన్ అవుతుందో లేదో చూస్తాను.