పొద్దున్నే టీవీ బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతోంది, ఎండెక్కితే బాగుంటోంది (ఫ్రీ డిష్)

పర్లాకిమిడి కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి. ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ ఉంది, పెట్టించి ఆరేళ్లు దాటింది. కార్తీకంలో మంచు మొదలైన దగ్గర్నుంచి ఒకటే గొడవ. పొద్దున్న ఆరింటికి టీవీ పెడితే బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది, మాట తెగి తెగి వస్తుంది, కాసేపటికి నో సిగ్నల్ అని పడుతుంది. పదకొండు దాటి ఎండెక్కాక దానంతట అదే బాగైపోయి రాత్రి దాకా చక్కగా నడుస్తుంది. మొన్న వాన పడిన మర్నాడైతే సాయంత్రం వరకూ అంతే. సప్తగిరి, డీడీ ఒడియా, ఏది పెట్టినా తేడా లేదు. సిగ్నల్ పేజీలో స్ట్రెంగ్త్ ఎప్పుడు చూసినా 85, క్వాలిటీ మాత్రం పొద్దున 15, మధ్యాహ్నం 60. డిష్ బిగించినాయన వచ్చి కింద నుంచే చూసి, పక్కింటి మునగచెట్టు అడ్డొచ్చింది కొట్టించేయండి అన్నాడు. నేను తెలివితక్కువగా ఆ మాట పక్కింటి పిన్నితో అన్నాను. అప్పట్నుంచి ఆవిడ మాతో మాట్లాడటం లేదు. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీకి ఉండే, సిగ్నల్ అందుకునే డబ్బా) మార్చాలా, బాక్సు మార్చాలా, నిజంగా చెట్టేనా?

గుణుపురం:
బాక్సు పోయుంటుంది బ్రో. మాదీ అంతే, కొత్తది కొన్నాక సెట్ అయింది.

జైపూర్ డిష్ పని:
బాక్సు కొనకు తమ్ముడూ, పాడైన బాక్సు ఎండ చూసి బాగుపడదు కదా. ముందు చెట్టు సంగతి. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్ 15 ఉపగ్రహం నుంచి, అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, అంటే మీ ఊరి నుంచి చూస్తే దక్షిణానికి కాస్త తూర్పుగా, ఆకాశంలో దాదాపు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మన డిష్ పళ్లెం చూస్తే ఎదురింటి మేడ వైపు తిరిగినట్టు ఉంటుంది గానీ అది ఆఫ్‌సెట్ డిష్, అది అందుకునేది పళ్లెం చూసే వైపు కంటే బాగా పైనుంచి వచ్చే సిగ్నల్. లెక్క కావాలంటే, చెట్టు డిష్‌కి పది అడుగుల దూరంలో ఉంటే డిష్ కంటే ఇరవై అడుగులకు పైగా ఎత్తు పెరిగితే గానీ అడ్డం రాదు. అదీ సరిగ్గా ఆ దిక్కునే ఉండాలి. పైగా చెట్టే అయితే పదకొండింటికి పక్కకి జరుగుతుందా?

నీ స్ట్రెంగ్త్ 85 చూసి మోసపోకు. కేబుల్‌లో ఏదో ఒకటి వస్తోందని మాత్రమే అది చెబుతుంది, అందులో చెత్త కూడా లెక్కే. బొమ్మ నిలబడేది క్వాలిటీ మీద. మంచుకీ వానకీ పడిపోయి ఎండకి లేస్తోందంటే నూటికి తొంభై పాళ్లు కేబుల్ కొసన బిగించే కనెక్టర్లోకి నీళ్లు దిగాయి. బాక్సు ప్లగ్ తీసేసి (ఇది మర్చిపోకు, కరెంటు ఉండగా కేబుల్ మధ్య తీగ దాని చుట్టూ ఉండే లోహపు జాలీకి తగిలితే బాక్సుకే దెబ్బ) మేడెక్కి ఎల్‌ఎన్‌బీ దగ్గర ఎఫ్ కనెక్టర్ విప్పు. చిలుము కనిపిస్తే కేబుల్ మంచి భాగం వచ్చేదాకా కోసి కొత్త కనెక్టర్ వెయ్యి, మధ్య తీగ అంచు కంటే రెండు మిల్లీమీటర్లు బయటికి ఉంటే చాలు. జాలీ పోగు ఒక్కటి కూడా ఆ తీగకి తగలకూడదు. కేబుల్‌ని ఒక చుట్టు కిందికి వేలాడేలా వదిలి గోడకి కట్టు, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. అప్పటికీ తేలకపోతే ఎక్స్‌టెన్షన్ బోర్డుతో టీవీ, బాక్సు మేడ మీదికి తీసుకెళ్లి రెండు మీటర్ల కొత్త కేబుల్‌తో నేరుగా ఎల్‌ఎన్‌బీకి పెట్టి పొద్దున్నే చూడు. క్వాలిటీ లేస్తే తప్పు పాత కేబుల్‌ది, లేకపోతే అప్పుడు ఎల్‌ఎన్‌బీ గురించి ఆలోచిద్దాం.

బరంపురం మాస్టారు:
పైన చెప్పింది సరైన మాట బాబూ. వెనకటి దూరదర్శన్ యాంటెన్నా రోజుల్లో సిగ్నల్ తగ్గితే తెర మీద చీమలు పారేవి, ఆ చీమల మధ్యలోంచే మేం క్రికెట్ చూశాం. డిజిటల్‌కి ఆ జాలి లేదు, ఒక హద్దు వరకూ అద్దంలా ఉంటుంది, అది దాటితే ఏమీ ఉండదు. అందుకే కనెక్టర్లో చుక్క నీళ్లకే ఇంత రభస. కుండపోత వానలో పది నిమిషాలు పోయిందంటే మాత్రం అది ఎవరింట్లోనైనా పోతుంది, ఈ డిష్‌కి సిగ్నల్ వచ్చే కేయూ బ్యాండ్ తరంగాల లక్షణమే అంత, దానికి మెకానిక్‌ని పిలవకు.

పర్లాకిమిడి కుర్రాడు:
ఆదివారం మేడెక్కాను. కనెక్టర్ మీద నల్ల టేపు చుట్టి ఉంది, అది లాగితే కింద తడి, విప్పితే మధ్య తీగ పచ్చగా చిలుము పట్టి, వేలితో ఇలా తాకేసరికి కొస విరిగి చేతిలోకొచ్చింది. అక్కడితో ఆగలేదు, సన్‌షేడ్ కింద ఇంకో అతుకు దొరికింది, రెండు కేబుళ్లని మెలేసి టేపు చుట్టేశాడు మహానుభావుడు. కనెక్టర్ దగ్గర మూరెడు కేబుల్ కోస్తే గానీ తెల్లటి జాలీ కనపడలేదు, అప్పటిదాకా అంతా నల్లగా కుళ్లింది. అతుకు తీసేసి కింది ముక్క కొత్తది వేశాను. ఈ రోజు పొద్దున ఆరింటికి, పొగమంచులో, క్వాలిటీ 71. అన్నా, మీకు రుణపడిపోయాను.

జైపూర్ డిష్ పని:
ఆ నల్ల టేపు నీళ్లని ఆపదు, లోపలే దాచి పెడుతుంది. సెల్ఫ్ సీలింగ్ రబ్బరు టేపని దొరుకుతుంది, అది చుట్టు. పిన్నిగారి సంగతి ఏమైంది?

పర్లాకిమిడి కుర్రాడు:
చెట్టు కొట్టక్కర్లేదు పిన్నీ అని చెప్పాను. "కొట్టిస్తానని నేనెప్పుడన్నాను?" అంది. మాట్లాడినట్టే లెక్క అనుకుంటున్నాను.